రాజకీయ నాయకులు రాసిన ఆర్థిక పుస్తకాలు: దేని పక్కన ఏది పెట్టి చదవాలి?

చర్చిస్ట్రీట్ చదువరి

అందరికీ నమస్కారం. కబ్బన్ పార్కులో ఆదివారాలు కలిసే మన తెలుగు చదువరుల బృందం ఈసారి కొత్త వరస మొదలుపెడుతోంది. రాజకీయ నాయకులు స్వయంగా రాసిన ఆర్థిక, వ్యాపార పుస్తకాలు చదువుదామని. వాళ్ల గురించి వేరేవాళ్లు రాసినవి వద్దు. ఎన్నికల కబుర్లతో నిండిన ఆత్మకథలూ వద్దు. రూపాయి, పొలం, ఫ్యాక్టరీ, ఎగుమతి, పన్ను... వీటిలో ఏదో ఒకదాని మీద గట్టిగా వాదన పెట్టినవి కావాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి పుస్తకాన్ని ఒక్కదాన్నే చదివితే విషయం సగమే తెలుస్తుంది. రాసినాయన చేతికి అధికారం వచ్చాక ఏం చేశాడో, ఆ కాగితం కూడా పక్కన ఉండాలి. మన్మోహన్ సింగ్ 1964లో ఎగుమతుల మీద వేసిన పుస్తకం పక్కన 1991 బడ్జెట్. చరణ్ సింగ్ పుస్తకాల పక్కన ఆయనే ఆర్థిక మంత్రిగా పెట్టిన 1979 బడ్జెట్. తన మాట అమలు చేసే కుర్చీ దక్కని వాళ్లయితే, ఎదురు వాదన చేసినవాళ్ల పుస్తకం పెట్టాలి. అంబేద్కర్ 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' (1923) ఎదురుగా ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్ 1913లో భారత కరెన్సీ మీద రాసిన పుస్తకం అలాంటి జోడీ.

బయటి దేశాల నుంచి సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ 'ఫ్రమ్ థర్డ్ వరల్డ్ టు ఫస్ట్' (2000) అనుకుంటున్నాను. మీరు ఏ జోడీలు కలుపుతారు? దేంతో మొదలుపెడదాం?

లెక్కల మాస్టారు, రాజాజీనగర్

మంచి ఆలోచన బాబూ. రిటైరయ్యేదాకా పిల్లలకి అర్థశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి మొదలు మాత్రం దాదాభాయ్ నౌరోజీతోనే పెట్టమంటాను. 'పావర్టీ అండ్ అన్-బ్రిటిష్ రూల్ ఇన్ ఇండియా' 1901లో వచ్చింది. అది ఒక్క ఊపున రాసిన పుస్తకం కాదు, ఏళ్ల తరబడి రాసిన వ్యాసాలు, ప్రసంగాలు, ఉత్తరాలు కలిపి వేసింది. అందుకే చెప్పిందే మళ్లీ మళ్లీ వస్తుంది. మొత్తం చదవక్కర్లేదు. తలసరి ఆదాయం లెక్క కట్టిన భాగం చాలు.

ఆ లెక్క ఎలా కట్టారో చూడండి. 1867-68 ప్రాంతంలో మనిషికి ఏడాదికి 20 రూపాయల ఆదాయం అని తేల్చారు. అంతటితో ఆగలేదు. జైల్లో ఖైదీ తిండికీ బట్టకీ ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోందో రాష్ట్రాలవారీగా చూశారు. బతకడానికి కనీసం కావలసింది ప్రాంతాన్ని బట్టి 16 నుంచి 35 రూపాయలు అని చూపించారు. నేరం చేసి జైల్లో ఉన్నవాడికి దొరికేపాటి తిండి, కష్టపడి బతికేవాడికి చాలా చోట్ల దొరకడం లేదని ప్రభుత్వ అంకెలతోనే నిరూపించారు. 1892లో బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికైన మనిషి అది. వాళ్ల సభలో కూర్చుని వాళ్ల లెక్కలతోనే వాళ్లని నిలదీశారు.

ఇంకో మాట. ఆయన పత్తి వ్యాపారం చేసినవాడు. సరుకు బయటికి పోయి తిరిగి ఏమీ రాకపోవడం అంటే ఏమిటో ఖాతా పుస్తకాల్లో చూసినవాడు. మన సంపద ఇంగ్లండుకి తరలిపోతోందన్న ఆయన వాదానికి అంత బలం అక్కడి నుంచి కూడా వచ్చిందని నా నమ్మకం.

వైట్‌ఫీల్డ్ పద్మ

మాస్టారూ, అంబేద్కర్ రూపాయి పుస్తకం గురించి కాస్త వివరంగా చెప్పండి. మొదలుపెట్టి రెండో అధ్యాయం దగ్గర ఆగిపోయాను, వెండి ధరల పట్టికలు చూసేసరికి. ఇంకొకటి, మా ఫ్యామిలీ గ్రూపులో ఏటా ఏప్రిల్ 14 వస్తే రెండు మెసేజ్‌లు తిరుగుతాయి. ఆ పుస్తకం వల్లే రిజర్వు బ్యాంకు పుట్టిందని ఒకటి. పదేళ్లకోసారి నోట్లు మార్చాలని ఆయన అందులో రాశాడని ఇంకొకటి. ఇవి నిజమేనా?

లెక్కల మాస్టారు, రాజాజీనగర్

రెండో మెసేజ్ పూర్తిగా తప్పమ్మా. 2016లో పెద్ద నోట్ల రద్దు అప్పుడు అది బాగా తిరిగింది. ఆ పుస్తకంలో అలాంటి మాట ఎక్కడా లేదు.

మొదటిది అతిశయోక్తి. ఆయన భారత కరెన్సీ మీద సర్కారు వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పిన మాట నిజం. ఆ కమిషన్ 1926లో కేంద్ర బ్యాంకు పెట్టమని సిఫారసు చేసింది. రిజర్వు బ్యాంకు 1935లో వచ్చింది. కానీ పుస్తకంలో ఆయన అడిగింది కేంద్ర బ్యాంకు కాదు, రూపాయిల జారీకి పగ్గం. ఆ మాట వదిలేసి బ్యాంకు ఘనత అంటగడితే ఆయన అసలు వాదనే మరుగున పడిపోతుంది.

ఆ వాదన ఇదీ. 1893కి ముందు ఎవరైనా వెండి పట్టుకెళ్తే టంకశాల రూపాయలు కొట్టి ఇచ్చేది. 1893లో ఆ తలుపు జనానికి మూసేశారు. ఆ తర్వాత ఎన్ని రూపాయలు విడుదల చేయాలన్నది ప్రభుత్వం ఇష్టం. బయటి చెల్లింపుల కోసం మాత్రం ఇంగ్లండు డబ్బుతో ఒక రేటు నిలబెట్టారు. కీన్స్‌కి ఈ ఏర్పాటు నచ్చింది. బంగారం చేతులు మారకుండానే పని జరిగిపోతుంది, ఖర్చు తక్కువ అన్నాడు. అంబేద్కర్ అక్కడ పట్టుకున్నారు. లండన్‌లో రేటు నిలకడగా ఉంటే సరిపోతుందా? ఇక్కడ బజారులో రూపాయికి వచ్చే బియ్యం నిలకడగా ఉండక్కర్లేదా? ప్రభుత్వం తన అవసరానికి రూపాయలు పెంచుకుంటూ పోతే ధరలు పెరుగుతాయి, దెబ్బ తగిలేది కూలికీ జీతగాడికీ అన్నారు. అందుకే రూపాయలు కొట్టడం ఆపాలి, బంగారానికి కట్టుబడాలి, అధికారుల విచక్షణకి వదలకూడదు అని తేల్చారు.

ఆ పుస్తకానికి ముందుమాట రాసింది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన గురువు ఎడ్విన్ కానన్. శిష్యుడి వాదనల్లో చాలావాటిని తాను ఒప్పుకోనని ముందుమాటలోనే రాశాడు, ఆలోచనలోని కొత్తదనాన్ని మెచ్చుకుంటూనే. ఒప్పుకోని గురువుతో ముందుమాట రాయించుకుని పుస్తకం వేయడం ఎంత ధైర్యమో చూడండి. ఈ రోజుల్లో ఏ నాయకుడి పుస్తకంలోనైనా అలాంటి ముందుమాట ఉందా?

పట్టికలకి భయపడొద్దు. చివరి అధ్యాయం ముందు చదివి, తర్వాత వెనక్కి రండి.

చీరాల చిక్‌పేట

నాది పుస్తకాల లోకం కాదండీ, చిక్‌పేటలో చీరల హోల్‌సేల్. మాది చీరాల, నేత కుటుంబం. ఈ జాబితాలో ఎన్.జి. రంగా గారు లేకపోతే ఎలాగండీ? 1930లో ఆయన 'ది ఎకనామిక్స్ ఆఫ్ హ్యాండ్లూమ్' అని దక్షిణ భారత నేతగాళ్ల స్థితిగతుల మీద పుస్తకం రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో అర్థశాస్త్రం పాఠాలు చెప్పిన మనిషి. చదువు అక్కడిది, విషయం మన మగ్గం గుంటది.

నేతలో సొమ్ము ఎక్కడ ఆగిపోతుందో బయటివాళ్లకి తెలియదు. నూలు ఇచ్చేది మాస్టర్ వీవరు, చీర తీసుకునేదీ ఆయనే. మధ్యలో నేసేవాడికి దక్కేది మజూరీ. అడ్వాన్సు తీసుకున్నవాడు తీర్చేదాకా ఇంకో చోటికి పోలేడు. నూలు ధర పెరిగితే ఆ బరువు నేసేవాడి మీద, చీర ధర పెరిగితే లాభం ఇంకొకరికి. ఈ విషయం మీద ఒక రాజకీయ నాయకుడు అంత ముందే పుస్తకం రాశాడంటే నాకు చాలా గౌరవం. మన తెలుగువాడు అని కూడా గర్వం.

నిడుబ్రోలు కుర్రాడు

మా ఊరి పేరు వచ్చినట్టే కాబట్టి నేనూ వచ్చేశాను! రంగా గారిది మా నిడుబ్రోలే. చేనేత పుస్తకానికి ముందే, 1926లో, డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఒక పుస్తకం వేశారు.

చదువరి గారి పద్ధతిలో జోడీ కావాలంటే, రంగా గారి పక్కన చరణ్ సింగ్‌ని పెట్టండి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సభలో సహకార సేద్యం తీర్మానం అయింది. రైతులు భూములు కలిపి ఉమ్మడిగా సాగు చేయాలని. నెహ్రూ గట్టిగా నిలబడ్డారు. అక్కడే లేచి వ్యతిరేకించింది చరణ్ సింగ్. కాంగ్రెస్ వదిలేసి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టింది రంగా గారు. ఒకే ప్రశ్న మీద ఇద్దరు రైతు నాయకులు. ఒకాయన పార్టీలో ఉండి పుస్తకం రాశాడు, ఇంకొకాయన పార్టీయే మార్చాడు.

చర్చిస్ట్రీట్ చదువరి

ఇది బాగా కుదిరింది తమ్ముడూ. చరణ్ సింగ్ 'జాయింట్ ఫార్మింగ్ ఎక్స్‌రేడ్' నేను చదివాను. ఉత్తరప్రదేశ్‌లో జమీందారీ రద్దు చట్టం వెనక ఉన్న మనిషి కాబట్టి, అందులో ఏ అధ్యాయం తీసినా రెవెన్యూ రికార్డు చూసిన అనుభవం తెలుస్తుంది. ఆయన వాదన ఒకటే. మన దేశంలో కొరత భూమికి, మనుషులకి కాదు. కాబట్టి మనిషికి ఎంత పండింది అని కాదు, ఎకరానికి ఎంత పండింది అని చూడాలి. ఎకరా లెక్కన చూస్తే సొంత చిన్న కమతమే ఎక్కువ పండిస్తుంది, ఉమ్మడి సేద్యం కాదు. రష్యా, చైనా, జపాన్ అంకెలన్నీ తెచ్చి పెట్టారు.

ఇది ఒట్టి నాయకుడి మాట కాదు. 1950లలో జరిగిన వ్యవసాయ నిర్వహణ సర్వేల్లో కూడా చిన్న కమతాల్లో ఎకరా దిగుబడి ఎక్కువ అని కనిపించింది. 1962లో అమర్త్యసేన్ దాని మీద వ్యాసం రాశాక అది ఆర్థికవేత్తల మధ్య పెద్ద చర్చే అయింది.

వైట్‌ఫీల్డ్ పద్మ

ఎకరాకి ఎక్కువ పండుతుంది సరే. ఆ ఎకరం మీద బతికే ఐదుగురికి అది సరిపోతుందా? నాకు ఈ వాదనలో కోపం వచ్చేది ఇక్కడే. మాది ప్రకాశం జిల్లా, మెట్ట. మా నాన్న పొలం ఆయనా బాబాయిలూ పంచుకున్నాక మిగిలింది రెండెకరాల చిల్లర. మా అన్నదమ్ముల వాటాకి వస్తే చెప్పుకోవడానికి కూడా ఉండదు. నేను ఐటీ ఉద్యోగానికి బెంగళూరు వచ్చింది ఆ పొలం నన్ను మొయ్యలేదనే. చిన్న రైతుని ఆకాశానికెత్తే పుస్తకాల్లో, ఆ రైతు ఇంటి ఆడపిల్ల రోజంతా చేలో కూలి లెక్కలేకుండా చేసే పని కనిపించదు. ఎకరా దిగుబడి ఎక్కువ రావడంలో ఆ పని భాగం కాదా?

లెక్కల మాస్టారు, రాజాజీనగర్

అమ్మా పద్మా, నువ్వు అడిగిన ప్రశ్న 1918లోనే ఒకాయన అడిగాడు. మళ్లీ అంబేద్కరే. 'స్మాల్ హోల్డింగ్స్ ఇన్ ఇండియా అండ్ దెయిర్ రెమెడీస్' అని ఒక పెద్ద వ్యాసం. అందరూ రూపాయి పుస్తకం పేరే చెప్తారు. నన్నడిగితే ఆయన ఆర్థిక రచనల్లో ముందు చదవాల్సింది ఇదే.

అప్పట్లో అందరి గోలా కమతాలు చిన్నవైపోతున్నాయి, ముక్కలైపోతున్నాయి, వాటిని కలిపి ఒక్కటి చేయాలి అని. అంబేద్కర్ ఏమన్నారంటే, కమతం చిన్నదా పెద్దదా అన్నది విస్తీర్ణంతో తేలదు. దాని మీద ఎంత పెట్టుబడి, ఎంత శ్రమ పెడుతున్నాం అన్నదాన్ని బట్టి తేలుతుంది. మన దగ్గర పశువులు, పనిముట్లు, పెట్టుబడి తక్కువ. మనుషులు ఎక్కువ. పనిలేక భూమిని అంటిపెట్టుకున్న మనుషులు కూర్చుని తినక తప్పదు, వాళ్లు తినేది పొలం మిగులునే. కాబట్టి వ్యవసాయపు జబ్బుకి మందు వ్యవసాయంలో లేదు, పరిశ్రమల్లో ఉంది. మనుషులు పొలం నుంచి బయటపడితే కమతం దానంతట అదే పెద్దదవుతుంది.

చరణ్ సింగ్ రోగాన్ని పొలంలోనే కుదుర్చుదామంటాడు. అంబేద్కర్ మనిషిని పొలం నుంచి బయటికి తీసుకొద్దామంటాడు. ఇంకా విశేషం, 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేద్కర్ భూమిని ప్రభుత్వం తీసుకుని ఉమ్మడి సేద్యానికి ఇవ్వాలని ప్రతిపాదించారు. పన్నెండేళ్ల తర్వాత చరణ్ సింగ్ ఎక్స్‌రే తీసింది సరిగ్గా అలాంటి ఆలోచనకే. భూమి లేని మాల మాదిగ కూలీ వైపు నుంచి చూస్తే ఒకటి, సొంత పొలం ఉన్న జాట్ రైతు వైపు నుంచి చూస్తే ఇంకొకటి. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి గట్టు మీద నిలబడి చూశారన్నదే తేడా.

హెబ్బాళ్ ఇంజినీరు

మాస్టారూ, పరిశ్రమల మాట వచ్చింది కాబట్టి ఈ ఊళ్లో కూర్చుని విశ్వేశ్వరయ్య గారిని వదిలేస్తే బాగుండదు. 'ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా' 1934లో వేశారు. పదేళ్లలో దేశ ఆదాయం రెట్టింపు చేయాలని, జనాన్ని వ్యవసాయం నుంచి పరిశ్రమల వైపు మళ్లించాలని ప్రణాళిక. మొదటి పంచవర్ష ప్రణాళిక కంటే చాలా ఏళ్ల ముందు. ఆయన పూర్వీకులది మన మోక్షగుండమే కదా.

నిడుబ్రోలు కుర్రాడు

ఆయన దివాను కదండీ, రాజకీయ నాయకుడు ఎలా అవుతారు? ఓటు అడిగిన మనిషి కాదు.

హెబ్బాళ్ ఇంజినీరు

1912 నుంచి 1918 దాకా మైసూరు ప్రభుత్వాన్ని నడిపారు. 1913లో మైసూరు బ్యాంకు, ఆ తర్వాత సబ్బుల ఫ్యాక్టరీ, భద్రావతి ఇనుము కర్మాగారానికి పునాది. నిర్ణయం తీసుకున్నవాడు, డబ్బు కేటాయించినవాడు. అది చాలు నాకు. పైగా చదువరి గారి పద్ధతికి ఆయన బాగా సరిపోతారు, తిరగేసి. మిగతావాళ్లు ముందు రాసి తర్వాత చేశారు, ఆయన ముందు చేసి తర్వాత రాశారు. పుస్తకంలో అంకెలు లేవు, గణాంకాలు సేకరించే ఏర్పాటే దేశంలో లేదు అని పదే పదే బాధపడతారు. ఒక రాష్ట్రం నడిపినవాడికే ఆ బాధ తెలుస్తుంది.

చీరాల చిక్‌పేట

పరిశ్రమలు అంటే అందరికీ పెద్ద మిల్లులే గుర్తొస్తాయి. చరణ్ సింగ్ 1978లో వేసిన 'ఇండియాస్ ఎకనామిక్ పాలసీ' మా షాపు పక్కన లాయరు గారు ఇస్తే చదివాను. ఇంట్లో, చిన్న కార్ఖానాలో చేయగలిగిన సరుకుని పెద్ద మిల్లుకి ఇవ్వకూడదంటాడు. మాకు అది కడుపు నింపే మాట. మగ్గం ఉన్న ఏ ఇంట్లో చదివి వినిపించినా చప్పట్లు కొడతారు.

హెబ్బాళ్ ఇంజినీరు

అన్నా, ఆ మాట అమలు చేసి చూశారు కూడా. 1977లో జనతా ప్రభుత్వం చిన్న పరిశ్రమలకే కేటాయించిన వస్తువుల జాబితాని 180 నుంచి 500 పైకి తీసుకెళ్లింది. తర్వాత ఇంకా పెరిగింది. ఏమైంది? జాబితాలో ఉన్న యూనిట్ పెద్దదైతే రక్షణ పోతుంది కాబట్టి ఎవరూ పెద్దవాళ్లు కాలేదు. ఎగుమతి చేయడానికి కావలసిన యంత్రాలు పెట్టలేకపోయారు. మా మామయ్య చిన్న వర్క్‌షాపు నడిపేవారు. పెంచే శక్తి ఉన్నా, లిమిట్ దాటితే టెన్షన్ అని ఆపేశారు. ఆఖరికి 2015లో ఆ జాబితాలో మిగిలిన చివరి వస్తువుల్ని కూడా తీసేశారు. పుస్తకం చదివినప్పుడు మనసుకి తగులుతుంది, కాదనను. కానీ చదువరి గారు అన్నట్టు పక్కన ఆ జాబితా కథ కూడా పెట్టి చదవాలి.

చీరాల చిక్‌పేట

మీ మామయ్య సంగతి వేరు తమ్ముడూ, ఆయనకి పెరిగే దారి ఉంది, చట్టం ఆపింది. చేతిమగ్గం వాడికి పెరిగే దారి లేదు, మరమగ్గం వాడు తినేస్తాడు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. చేనేత పేరుతో మరమగ్గం చీర అమ్ముడుపోవడం నేను రోజూ చూస్తున్నా. అక్కడ రక్షణ కావాల్సిందే. ఈ విషయంలో నేను తగ్గను.

చర్చిస్ట్రీట్ చదువరి

1979 బడ్జెట్ గురించి కూడా ఒక మాట. ఎరువుల మీద ఎక్సైజ్ తగ్గించారు, ముడి పొగాకు మీద తీసేశారు. పట్నంలో వాడే చాలా సరుకుల మీద పెంచారు. నగరాల పత్రికలు దాన్ని కులక్ (ధనిక రైతుల) బడ్జెట్ అని తిట్టిపోశాయి. పుస్తకంలో ఏం రాశాడో బడ్జెట్‌లో అదే పెట్టాడు. నచ్చినా నచ్చకపోయినా అది నిజాయితీ. నాయకుల పుస్తకాలు చదివేటప్పుడు నేను వెతికే గుణం ఇదే.

వైట్‌ఫీల్డ్ పద్మ

మరి మన్మోహన్ సింగ్‌లో కూడా ఆ గుణం ఉన్నట్టేనా? ఆయన పుస్తకం థీసిస్ కదా, మామూలు పాఠకులకి ఎక్కుతుందా?

లెక్కల మాస్టారు, రాజాజీనగర్

ఎక్కదు. పట్టికల అడవి. కానీ వాదన ఒక్క పేరాలో చెప్పొచ్చు. 1950లలో మన ఎగుమతులు పెరగకపోవడానికి ప్రపంచంలో గిరాకీ లేకపోవడమే కారణం అని ఢిల్లీలో అందరూ అనుకునేవారు. కాదు, మన విధానాలే ఎగుమతిని గొంతు నులుముతున్నాయి అని ఆయన 1951-60 అంకెలతో చూపించాడు. ఇది 1964లో. ఆ తర్వాత ప్రభుత్వంలో రకరకాల కుర్చీల్లో కూర్చున్నా, ఇరవై ఏడేళ్లు ఆ మాట అమలు కాలేదు. 1991లో ఆర్థిక మంత్రి అయ్యాకే, విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకి సరిపడా మిగిలినప్పుడు, అయింది. రాసినది నిజమైనా అమలు కావడానికి అంత గండం రావాలా అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే దాని పక్కన జైరాం రమేష్ 'టు ది బ్రింక్ అండ్ బ్యాక్' (2015) పెట్టండి. ఆ వేసవిలో ప్రధాని కార్యాలయంలో ఉన్న మనిషి. జూలై 1న రూపాయి విలువ సుమారు 9 శాతం తగ్గించారు. రెండో విడత జూలై 3న సుమారు 11 శాతం. మొదటి విడతకే గగ్గోలు రేగడంతో రెండోది ఆపమని పీవీ మన్మోహన్‌కి చెప్పారు. మన్మోహన్ పొద్దున్నే రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు రంగరాజన్‌కి ఫోన్ చేసేసరికి ఆ పని అప్పటికే అయిపోయింది. ఇలాంటి సంగతి థీసిస్‌లో దొరకదు. బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచి, సొంత పార్టీ ఎంపీలే తిరగబడితే 30కి దించిన కథ కూడా ఉంది. చరణ్ సింగ్ చదివాక ఆ భాగం చదివితే ఢిల్లీలో రైతు మాట ఎంత బరువు తూగుతుందో తెలుస్తుంది.

మారతహళ్లి ఆడిటర్

1991 అనగానే బంగారం ఒక్క సర్కారు తాకట్టు పెట్టినట్టు మాట్లాడతారు. యశ్వంత్ సిన్హా 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ స్వదేశీ రిఫార్మర్' కూడా చేర్చండి. చంద్రశేఖర్ ప్రభుత్వంలో ఆయన ఆర్థిక మంత్రిగా ఉండగానే, మే నెలలో 20 టన్నులు స్విట్జర్లాండ్ బ్యాంకుకి వెళ్లాయి. జూలైలో మన్మోహన్ ఉండగా దాదాపు 47 టన్నులు ఇంగ్లండ్, జపాన్‌లకి తాకట్టుగా. ఒకే గండం, ఇద్దరు మంత్రులు. రెండు వైపులా చదివినవాడే దాని గురించి మాట్లాడాలి.

నిడుబ్రోలు కుర్రాడు

ఈ మొత్తం కథలో మన పీవీ ఎక్కడండీ? పరిశ్రమల శాఖ ఆయన దగ్గరే ఉంది. లైసెన్సు రాజ్యాన్ని 18 పరిశ్రమలకి కుదించిన విధానం ఆయన శాఖ నుంచే వచ్చింది, బడ్జెట్ రోజే పార్లమెంటులో పెట్టారు. ఆయన రాసింది 'ది ఇన్‌సైడర్' నవల. తెలుగులో 'లోపలి మనిషి'. అది ప్రధాని కాలం దాకా రానే రాదు. ఇన్ని భాషలు వచ్చిన మనిషి, ఆ నిర్ణయాలు తనే తీసుకున్న మనిషి, వాటి లెక్క తన చేత్తో పుస్తకంగా రాసి ఉంటే, ఈ రోజు ఎవరికి ఎంత ఘనత అని మనం కొట్టుకోవాల్సిన పని ఉండేది కాదు.

మారతహళ్లి ఆడిటర్

తెలుగు నాయకుల మాట వచ్చింది కాబట్టి, చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 2000లో సేవంతి నైనన్‌తో కలిసి రాసిన 'ప్లెయిన్ స్పీకింగ్' ఉంది. కుర్చీలో ఉండగా రాసిన పుస్తకాల కింద అది రావాలి.

నిర్వాహకులు

ఈ పోస్టు కింద వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తొలగించాం. ఆంధ్రా, తెలంగాణ పార్టీల తగవులకి వేరే విభాగం ఉంది. పుస్తకం చదివి అందులోని వాదన మీద రాస్తే ఎవరిదైనా ఉంచుతాం.

హెబ్బాళ్ ఇంజినీరు

లీ క్వాన్ యూ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇళ్ల అధ్యాయం బెంగళూరువాళ్లందరూ చదవాలి. 1960లో గృహ నిర్మాణ మండలి, 1968 నుంచి ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో ఇల్లు కొనుక్కునే వీలు. అద్దెకుండే జనం సొంత ఇంటివాళ్లయితే దేశాన్ని కాపాడుకుంటారని ఆయన లెక్క. ఇక్కడ సర్జాపూర్ రోడ్డులో ఈఎంఐ కడుతూ ట్యాంకర్ నీళ్లు కొనుక్కునేవాళ్లకి ఆ పేజీలు వేరే రకంగా వినిపిస్తాయి.

వైట్‌ఫీల్డ్ పద్మ

ఆ ఇళ్లు కట్టిన భూమి 1966 భూసేకరణ చట్టంతో తక్కువ ధరకి తీసుకున్నది కూడా గుర్తుపెట్టుకోండి. పుస్తకంలో మాట్లాడేది తీసుకున్నవాడు. పోగొట్టుకున్నవాళ్లు ఎక్కడా మాట్లాడరు. గెలిచాక, కుర్చీ దిగాక రాసిన పుస్తకాల్లో ఈ లోపం ఎప్పుడూ ఉంటుంది. దాని పక్కన గో కెంగ్ స్వీ 'ది ఎకనామిక్స్ ఆఫ్ మోడర్నైజేషన్' (1972) పెట్టండి. జురాంగ్ పారిశ్రామిక వాడ వెనక ఉన్న మంత్రి. ఇంకా ఫలితం తేలకముందు, పనిలో ఉండగా రాసిన మాటలు. నాకు లీ కంటే గో మీద నమ్మకం ఎక్కువ.

మారతహళ్లి ఆడిటర్

వ్యాపార పుస్తకాలు అన్నారు కదా, ట్రంప్ 'ది ఆర్ట్ ఆఫ్ ది డీల్' (1987) ఉంచుతారా?

చర్చిస్ట్రీట్ చదువరి

ఉంచను. అది టోనీ ష్వార్జ్ రాసి పెట్టిన పుస్తకం. ఆయనే 2016లో ఆ పని చేసినందుకు బాధపడుతున్నానని బయటికి చెప్పాడు. స్వయంగా రాసినవే అన్నది మన నియమం. బేరం ఎలా ఆడాలో చెప్తుంది తప్ప, బేరానికి అవతల ఉన్నవాడి సంగతి ఆలోచించదు.

చీరాల చిక్‌పేట

నాయకుడు చేసిన వ్యాపారం కావాలంటే పట్టాభి సీతారామయ్య గారిని చూడండి. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అంబేద్కర్ రూపాయి పుస్తకం వచ్చిన ఏడే. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా మా బజార్లో పెద్దవాళ్లు ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు.

చర్చిస్ట్రీట్ చదువరి

సరే, ఇంత చర్చ అయ్యాక మొదటి జోడీ మారుస్తున్నాను. రూపాయి తర్వాత చూద్దాం. మొదట అంబేద్కర్ 1918 కమతాల వ్యాసం, చరణ్ సింగ్ 1959 పుస్తకంలో మొదటి భాగం. అంబేద్కర్ రచనల ఇంగ్లీషు సంపుటాల్లో మొదటిదాంట్లో ఆ వ్యాసం ఉంది, ఆరోదాంట్లో రూపాయి పుస్తకం. రెండూ ఉచితంగా దొరుకుతాయి. తర్వాతి వారం మన్మోహన్, జైరాం, సిన్హా కలిపి. ఆ తర్వాత గో, లీ. రంగా గారి చేనేత పుస్తకం పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి, జెరాక్స్ ఖర్చు బృందం పెట్టుకుంటుంది.

లెక్కల మాస్టారు, రాజాజీనగర్

వచ్చేటప్పుడు వ్యవసాయ గణన అంకెలు రెండు రాసుకుని రండి. సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు, 2015-16లో 1.08 హెక్టార్లు. సగానికి పైగా చిక్కిపోయింది. చరణ్ సింగ్ అయితే, ఇంత చిన్న కమతాల మీదే దేశం తిండి పండించుకుంటోంది చూడండి అనేవాడు. అంబేద్కర్ అయితే, వందేళ్లయినా మనుషుల్ని పొలం నుంచి బయటికి తేలేకపోయారు చూడండి అనేవాడు. పద్మా, నువ్వు అంబేద్కర్ వైపు మాట్లాడు. చీరాల ఆయన చరణ్ సింగ్ వైపు.

వైట్‌ఫీల్డ్ పద్మ

అలాగే మాస్టారూ. కానీ నేను మా అమ్మ చేసిన పని లెక్క కూడా తెస్తాను. నాట్లు, కలుపు, పశువులు, కోత, ఏ నెలలో ఎన్ని గంటలో ఆవిడని అడిగి రాసుకుంటున్నాను. ఎకరా దిగుబడి అంకె పక్కన అది కూడా పెట్టి చరణ్ సింగ్ వైపు వాళ్లు జవాబు చెప్పాలి.

చీరాల చిక్‌పేట

తప్పకుండా తీసుకురామ్మా. మా అమ్మ ఆసు పోసిన గంటలు, పడుగు సరిచేసిన గంటలు నేనూ రాసుకొస్తాను. మజూరీలో అదీ ఎక్కడా లేదు.